ఆరు గంటల సూది

ఈ దేశంలో గుండె డాక్టర్లు రాసిచ్చే పరీక్షల్లో 'న్యూక్లియర్ స్ట్రెస్ టెస్ట్' అన్నంత భయపెట్టే పేరు ఇంకోటి లేదనుకుంటాను. ఎం.ఆర్.ఐ.కి కూడా మొదట్లో పేరులో 'న్యూక్లియర్' అన్న మాట ఉండేది. తర్వాత ఆ మాట వదిలేశారు. ఇప్పుడు ఎం.ఆర్.ఐ. అంటే మిషన్ చేసే చప్పుడుకి తప్ప ఎవరూ భయపడరు. ఈ గుండె పరీక్షకి ఆ అదృష్టం పట్టలేదు. కాగితం మీద ఆ మాట ఉండనే ఉంది, గది తలుపు మీద పసుపుపచ్చ రంగులో మూడు రెక్కల గుర్తు కూడా ఉంది. ఆరు నెలలకని మన దగ్గరికొచ్చిన పెద్దవాళ్ళకి అవి చాలు.

మా మావయ్యగారి విషయంలో సరిగ్గా అదే జరిగింది. మెట్లెక్కితే గుండెల మీద బరువు పెట్టినట్టుంటోందని డాక్టరుకి చెప్పారు. ఆయన ఈ పరీక్ష రాశాడు. "ఆ అణు సూది నాకొద్దమ్మా, తెనాలి వెళ్ళాక గుంటూరులో చూపించుకుంటాలే" అన్నారు మావయ్యగారు. తిరుగు ప్రయాణానికి ఇంకా రెండు నెలలుంది. పైగా ఇరవై గంటల విమానం. గుండెలో ఏముందో తెలుసుకోకుండా ఎక్కించడం మాకిష్టం లేదు. ఇంకొంచెం కదిలిస్తే అసలు సంగతి బయటపడింది. ఆయన భయం తన ఒంటి గురించి కాదు. "ఆ సూది పొడిపించుకునొచ్చి ఎనిమిది నెలల పసిదాన్ని ఎత్తుకోవాలా?"

ఈ ప్రశ్న మంచిది. దీన్ని "ఏం కాదులెండి" అని కొట్టిపారేయకూడదు. ఆ సూదిలో ఏముందో, అది ఎంతసేపు ఉంటుందో రెండు సాయంత్రాలు కూర్చుని ఆయనకి చెప్పాను. బీయస్సీలో చదివిన అర్ధ జీవితకాలం పాఠం పదిహేనేళ్ళ తర్వాత ఇంట్లో పనికొచ్చింది. ఇలాంటి వాదన ఇంకా చాలా ఇళ్ళల్లో జరుగుతూ ఉంటుంది కాబట్టి అదంతా ఈ నెల ఇక్కడ రాస్తున్నాను.

సూదిలో ఉన్నది టెక్నీషియం-99ఎం. ఇది ఆవర్తన పట్టికలో 43వ గడి. మెండలీవ్ కాలం నుంచీ ఆ గడి ఖాళీగానే ఉండేది. ఎంత తవ్వినా ఆ మూలకం దొరకలేదు. దొరక్కపోవడానికి కారణముంది. దానికి స్థిరమైన రూపం ఒక్కటి కూడా లేదు, భూమితో పాటు పుట్టినదంతా ఎప్పుడో క్షీణించిపోయింది. అమెరికాలో బర్క్‌లీ సైక్లోట్రాన్‌లో కణాల దెబ్బలు తిన్న మాలిబ్డినం రేకును లారెన్స్ ఇటలీకి పంపితే, పలెర్మోలో పెరియర్, సెగ్రే అనే ఇద్దరు 1937లో అందులోంచి ఈ మూలకాన్ని పట్టుకున్నారు. మనిషి తయారు చేసిన మొదటి మూలకం కాబట్టి, 'కృత్రిమం' అనే అర్థమున్న గ్రీకు మాట మీద దానికి పేరు పెట్టారు. మన పరీక్షకి పనికొచ్చే 99ఎం రూపాన్ని ఆ మరుసటి ఏడాదే సెగ్రే, సీబోర్గ్ గుర్తించారు.

చివర్లో ఉన్న ఆ 'ఎం' అనే అక్షరంలోనే అసలు కథ ఉంది. మాలిబ్డినం-99 అనే పరమాణువు క్షీణించి టెక్నీషియం అయినప్పుడు, కొత్తగా పుట్టిన కేంద్రకంలో కాస్త ఎక్కువ శక్తి మిగిలిపోతుంది. మామూలుగా కేంద్రకాలు అలాంటి మిగులు శక్తిని రెప్పపాటులో కోటోవంతు కూడా పట్టకుండా వదిలేస్తాయి. ఇది మాత్రం గంటల తరబడి పట్టుకుని కూర్చుంటుంది. తర్వాత ఒక్కొక్కటీ తన శక్తిని గామా కిరణంగా వదిలి శాంతిస్తుంది. గుంపులో సగం శాంతించడానికి పట్టే కాలం ఆరు గంటలు. అదే దాని అర్ధ జీవితకాలం.

ఆ గామా కిరణం శక్తి 140 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. ఈ అంకె వైద్యానికి అతికినట్టు సరిపోయింది. ఇంకా బాగా తక్కువైతే కిరణం ఒంట్లోనే ఇంకిపోతుంది. అప్పుడు కెమెరాకి ఏమీ కనపడదు, మనిషికి మోతాదు మాత్రం తగులుతుంది. ఇంకా బాగా ఎక్కువైతే కెమెరాను కూడా దాటుకుని పోతుంది. 140 దగ్గర ఉన్న కిరణాల్లో సుమారు సగం నాలుగైదు సెంటీమీటర్ల కండను దాటి వస్తాయి, కానీ మిల్లీమీటరులో మూడో వంతు సీసపు రేకు దగ్గరికొచ్చేసరికి మళ్ళీ సగమైపోతాయి. ఒంట్లోంచి బయటికి రావడం తేలిక, బయట ఆపడమూ తేలిక. పైగా ఒంట్లోనే ఆగిపోయి కణజాలాన్ని దెబ్బతీసే బీటా కణాలు ఇందులోంచి దాదాపు రావు. థైరాయిడ్ వైద్యానికిచ్చే అయోడిన్-131 దీనికి పూర్తిగా విరుద్ధం. అక్కడ బీటా కణాలే మందు.

మరి ఆరు గంటల్లో సగమైపోయే వస్తువుని ఊరూరా ఆసుపత్రులకి ఎలా చేరుస్తారు? ఇక్కడే మావయ్యగారు కుర్చీలో ముందుకి జరిగారు. చిన్నప్పుడు ఇంట్లో పాడి చూసిన మనిషి కదా.

మాలిబ్డినం-99 అర్ధ జీవితకాలం 66 గంటలు, అంటే మూడు రోజులకి కాస్త తక్కువ. దాన్ని రియాక్టరులో తయారు చేసి, సీసపు కవచంలో పెట్టిన చిన్న గొట్టంలో అల్యూమినా పొడికి అంటుకునేలా చేసి పంపుతారు. గొట్టంలో కూర్చున్న మాలిబ్డినం నెమ్మదిగా టెక్నీషియం అవుతూ ఉంటుంది. పైనుంచి ఉప్పునీరు పోస్తే మాలిబ్డినం పొడికే అంటిపెట్టుకుని ఉంటుంది, టెక్నీషియం మాత్రం నీళ్ళతో కిందికి దిగి సీసాలోకి వస్తుంది. ఒకసారి తీశాక మళ్ళీ నిండుగా చేపు రావడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. అందుకని రోజూ తెల్లవారుజామునే తీస్తారు. వారం తిరిగేసరికి గొట్టం ఒట్టిపోతుంది, కొత్తది తెప్పించుకుంటారు. ఇక్కడి వాళ్ళు దీన్ని ముద్దుగా 'మాలీ కౌ' అంటారు, తీయడాన్ని పితకడమనే అంటారు. 1950ల చివర్లో న్యూయార్క్ రాష్ట్రంలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో వాల్టర్ టక్కర్, మార్గరెట్ గ్రీన్ ఈ ఆవును తయారు చేశారు.

"అయితే దూడని నేనేనన్నమాట" అన్నారు మావయ్యగారు. ఆ నవ్వుతో సగం భయం పోయింది.

పితికిన టెక్నీషియాన్ని ఉన్నదున్నట్టు ఎక్కిస్తే అది గుండెకి వెళ్ళదు. థైరాయిడ్‌కీ, లాలాజల గ్రంథులకీ, పొట్టకీ పోతుంది. దానికి ఒక బండి కట్టాలి. ఆ బండే వేర్వేరు పరీక్షలకి వేర్వేరుగా ఉంటుంది. ఎముకల స్కానుకి ఎముకల్లోకి వెళ్ళే ఫాస్ఫేటు జాతి బండి, ఊపిరితిత్తులకి సన్నటి ప్రోటీన్ రేణువుల బండి. గుండెకి ఎక్కువగా వాడేది సెస్టమిబి. ఆ పొడిలో రేడియోధార్మికత ఏమీ ఉండదు, మామూలు మందు సీసాలాగే బీరువాలో పడుంటుంది. అందులో టెక్నీషియం నీళ్ళు కలిపి పది నిమిషాలు మరిగే నీళ్ళలో ఉంచుతారు. ఆరు అణువులు ఒక్క టెక్నీషియం చుట్టూ చేరి, ధనావేశమున్న ఉండలాగా తయారవుతాయి. ఈ ఉండలు రక్తంతో పాటు వెళ్ళి, కణాల్లో శక్తిని తయారు చేసే మైటోకాండ్రియాల్లోకి చొరబడతాయి, ఎందుకంటే వాటి లోపలి వైపు రుణావేశం ఉంటుంది. గుండె కండరానికి పుట్టినప్పటి నుంచి సెలవు లేదు కదా, అందుకని అందులో మైటోకాండ్రియాలు కిక్కిరిసి ఉంటాయి. రక్తం బాగా అందే చోట ఎక్కువ చేరతాయి, అందని చోట తక్కువ.

అక్కడికి చేరినవి చాలాసేపు కదలవు. ఈ ఒక్క గుణం వల్లే పరీక్ష సాధ్యమవుతోంది. గుండె బాగా పరిగెడుతున్నప్పుడు సూది వేసి, తర్వాత మనిషి స్థిమితపడి, నీళ్ళు తాగి, అరగంటో గంటో ఆగి కెమెరా కింద పడుకున్నా, కనపడేది సూది వేసిన క్షణంలోని రక్త ప్రవాహమే. ఇంతకుముందు ఎక్కువగా వాడిన థాలియం-201 ఇలా కూర్చోదు, మళ్ళీ రక్తంలోకి వచ్చి సర్దుకుంటూ ఉంటుంది. దాంతో వెంటనే ఫోటో తీయకపోతే సంగతి మారిపోయేది. పైగా దాని అర్ధ జీవితకాలం 73 గంటలు.

చూడటానికి ఆ సూది మందు ఉట్టి ఉప్పునీరే. రంగు లేదు, వాసన లేదు, ఎక్కించేటప్పుడు వేడి చేయదు. రెండు సూదుల్లోనూ కలిపి ఉండే టెక్నీషియం-99ఎం ఎంతో లెక్క వేశాను. మామూలుగా ఒకటే రోజు చేసే పరీక్షలో విశ్రాంతిగా ఉన్నప్పుడు ఇచ్చేది సుమారు 10 మిల్లీక్యూరీలు, స్ట్రెస్‌లో ఇచ్చేది సుమారు 30. రెండూ కలిపి 8 నానోగ్రాములు. నానోగ్రామంటే గ్రాములో వంద కోట్ల వంతు. వంటింట్లో ఒక్క ఉప్పు రవ్వ దీనికి కొన్ని వేల రెట్లు బరువుంటుంది. సీటీ స్కానుకి ఎక్కించే అయోడిన్ రంగు మందు ఇది కాదు. ఆ మందు పడక దద్దుర్లొచ్చిన వాళ్ళు, కిడ్నీ బాగాలేదని దానికి జంకే వాళ్ళు రెండిటినీ ఒకే గాటన కట్టేస్తుంటారు. పాత ఎలర్జీలు డాక్టరుకి చెప్పండి, అది ఎప్పుడూ మంచిదే. కానీ ఈ సూదిలో అయోడిన్ లేదు.

పరీక్ష రోజు సంగతులు క్లుప్తంగా చెబుతాను, ఒక్క కాఫీ గురించి తప్ప. మోకాళ్ళ నొప్పులతో ట్రెడ్‌మిల్ మీద నడవలేని వాళ్ళకి గుండె రక్తనాళాల్ని వెడల్పు చేసే మందు ఇస్తారు. ఆ మందు వెళ్ళి కూర్చోవాల్సిన చోటే కెఫీన్ కూర్చుంటుంది. అప్పుడు మందు పనిచేయదు, బొమ్మ బాగానే ఉన్నట్టు తప్పుడు ధైర్యం ఇస్తుంది. అందుకే 12 నుంచి 24 గంటలు కాఫీ, టీ, కోలా, చాక్లెట్ వద్దంటారు. డీకాఫ్ అని రాసున్నదాన్లో కూడా కొంచెం కెఫీన్ ఉంటుంది. కొన్ని తలనొప్పి మాత్రల్లోనూ ఉంటుంది. మావయ్యగారికి సూది కంటే ఇదే పెద్ద శిక్ష. తెల్లవారుజామున వంటింట్లో డబ్బాల చప్పుడైతే నేను దిగి వెళ్ళి కాఫీ పొడి డబ్బా పై అరలోకి మార్చేశాను. నిద్ర పట్టక నీళ్ళ కోసం వచ్చానన్నారు. సరే, నీళ్ళిచ్చాను.

ఇంకో మాట, అపాయింట్‌మెంటుకి ఆలస్యంగా వెళ్ళకండి. మన పేరున వచ్చే సిరంజి మీద ఎంత ఉందో, ఏ గంటకి ఉందో రెండూ రాసి ఉంటాయి. ఎనిమిది గంటలకి 30 కావాలంటే, ఐదింటికి సిద్ధం చేసేవాళ్ళు సుమారు 42 పెట్టి పంపాలి. మనం రాకపోతే ఆ సిరంజిని రేపటికి దాచడం కుదరదు. ఫ్రిజ్‌లో పెట్టినా, గడ్డకట్టించినా క్షీణించే వేగం మారదు. పితికే ఆవులు కూడా ప్రపంచం మొత్తానికి కొన్ని పాత రియాక్టర్ల నుంచే వచ్చేవి. 2009 మేలో కెనడాలో చాక్ రివర్ రియాక్టరు భారజలం కారి ఆగిపోయింది, మళ్ళీ 2010 ఆగస్టు దాకా నడవలేదు. ఆ మధ్యలోనే నెదర్లాండ్స్‌లో పెట్టెన్ రియాక్టరూ మరమ్మతుకి ఆగింది. అప్పుడు ఎన్నో ఆసుపత్రులు పరీక్షలు వాయిదా వేశాయి, కొన్ని మళ్ళీ పాత థాలియానికి వెళ్ళాయి. నిల్వ చేయలేని సరుకుతో వచ్చే ఇబ్బందే అది.

కెమెరా గురించి ఒక్కటి చెప్పాలి, ఎందుకంటే అందరూ తలకిందులుగా అనుకుంటారు. ఎక్స్‌రేలో దీపం మిషన్‌లో ఉంటుంది, మనం అడ్డం నిలబడతాం. ఇక్కడ దీపం మనిషే. కెమెరా ఏమీ వదలదు, ఒంట్లోంచి వచ్చేదాన్ని పట్టుకుంటుంది అంతే. ముందు వైపు సన్నటి రంధ్రాల సీసపు జల్లెడ, దాని వెనక సోడియం అయోడైడ్ స్ఫటికం. తిన్నగా వచ్చిన గామా కిరణాలే జల్లెడ దాటి స్ఫటికాన్ని తాకి చిన్న మెరుపు మెరిపిస్తాయి. హాల్ యాంగర్ 1950ల చివర్లో కనిపెట్టిన ఏర్పాటు ఇది. కొన్ని మిషన్లకి చిన్న సీటీ కూడా తగిలించి ఉంటుంది, అందులోంచి మాత్రం కొంచెం ఎక్స్‌రే వస్తుంది.

ఇక దీపం మనిషే అయినప్పుడు, ఇంటికొచ్చాక పసిపిల్ల సంగతి.

రెండో సూది పొద్దున తొమ్మిదికి వేశారనుకోండి. 30 ఉన్నది మధ్యాహ్నం మూడింటికి 15, రాత్రి తొమ్మిదికి ఏడున్నర, తెల్లవారుజామున మూడింటికి నాలుగు లోపు, మర్నాడు తొమ్మిదికి రెండు లోపు. రెండున్నర రోజులకి వెయ్యో వంతు. ఇది ఉట్టి గడియారం లెక్క. దీనికి తోడు మూత్రంలో, మలంలో కొంత పోతుంది, కాబట్టి నిజంగా ఇంకా త్వరగా తగ్గుతుంది. నీళ్ళు బాగా తాగి, మాటిమాటికీ బాత్రూముకి వెళ్ళి, చేతులు కడుక్కోమని చెప్పేది అందుకే. ఇంకోటి దూరం. దూరం రెట్టింపైతే తగిలేది సుమారు నాలుగో వంతు. ఒకే గదిలో అటు సోఫాలో కూర్చున్న తాతయ్యకీ, గుండెకి హత్తుకుని గంటసేపు నిద్రపుచ్చే తాతయ్యకీ చాలా తేడా ఉంది.

మా దగ్గర టెక్నాలజిస్టుని అడిగితే, ఆ రోజంతా పాపని ఒళ్ళో పెట్టుకుని ఎక్కువసేపు ఉండొద్దని, ఒక్కసారి ఎత్తి ముద్దు పెట్టుకుంటే ఏమీ కాదని చెప్పింది. కొన్నిచోట్ల కొన్ని గంటలే అంటారు, కొన్నిచోట్ల అసలు ఏ జాగ్రత్తా అక్కర్లేదంటారు. మీ ఆసుపత్రిలో చెప్పింది పాటించండి. మావయ్యగారు ఆ రోజు గదికి ఈ చివర కుర్చీ వేసుకుని పాపకి చప్పట్లు కొట్టి ఆడించారు. అది పాకుతూ ఆయన వైపే వస్తుంటే, కుర్చీ ఇంకాస్త వెనక్కి జరుపుకున్నారు.

పాలిచ్చే తల్లులకి ఇదే పరీక్ష రాస్తే ముందే చెప్పాలి. టెక్నీషియం మందులకి మామూలుగా ఆపనక్కర్లేదని కొందరు, కొన్ని గంటల నుంచి ఒక రోజు దాకా ఆపమని కొందరు అంటారు. ముందు రోజు పిండి దాచుకోవడానికి వీలుంటుంది కాబట్టి ముందే అడగడం మేలు. గర్భం ఉందేమో అన్న అనుమానమున్నా సరే, సూదికి ముందే చెప్పాలి.

ఈ ధైర్యాన్ని అన్ని 'న్యూక్లియర్' మాటలకీ పూయకండి. మొదట అడగాల్సింది ఏ ఐసోటోపు, దాని అర్ధ జీవితకాలమెంత అని. పెట్ స్కాన్‌లో వాడే ఫ్లోరిన్-18 అయితే 110 నిమిషాలు, సాయంత్రానికే దాదాపు ఖాళీ. అయోడిన్-131 అయితే ఎనిమిది రోజులు, పైగా వైద్యానికిచ్చేది పెద్ద మోతాదు. అది తీసుకున్న వాళ్ళు పిల్లలకి దూరంగా రోజుల తరబడి విడిగా పడుకోవాలి, పాలిచ్చే తల్లయితే ఆ బిడ్డకి పాలు పూర్తిగా మానేయాలి. మా మావయ్యగారికి ఏమీ కాలేదు కదా అని అక్కడ సర్దుకుపోతే ప్రమాదం.

అలాగే పేషెంటుకి తగిలే మోతాదు సున్నా అని ఎవరైనా చెబితే నమ్మకండి. ఈ రెండు సూదుల పరీక్షకి మొత్తం సుమారు 10 మిల్లీసీవర్టులు. ఈ దేశంలో నేల నుంచి, ఆకాశం నుంచి, గాలిలోని రాడాన్ నుంచి ఏడాదికి సహజంగా తగిలేది 3 వరకు. అంటే మూడేళ్ళది ఒక్క పూటలో. డెబ్బై దాటి, ఛాతీలో బరువున్న మనిషికి ఇది తీసుకోదగ్గ బేరమే. ఏ బాధా లేని ముప్పయ్యేళ్ళ మనిషికి ఊరికే చెకప్ కోసం రాస్తే మాత్రం "ఎందుకు?" అని నేను తప్పకుండా అడుగుతాను.

శాంతించిన టెక్నీషియం ఏమవుతుందని మా ఆయన అడిగారు. అది టెక్నీషియం-99 అవుతుంది. దాని అర్ధ జీవితకాలం 2,11,000 సంవత్సరాలు. వినగానే గుండె ఝల్లుమంటుంది కానీ, అంత నెమ్మదిగా క్షీణించడమంటే అంత అరుదుగా కిరణం వదలడమన్న మాట. జనరేటరు నుంచి ముందే కలిసి వచ్చినవి చేర్చుకున్నా, ఒంట్లోకి వెళ్ళినదంతా కలిపి సెకనుకి కొద్ది పదుల పరమాణువులు కూడా క్షీణించవు. మన ఒంట్లో పుట్టినప్పటి నుంచీ ఉన్న పొటాషియం-40లోనే సెకనుకి నాలుగు వేల దాకా క్షీణిస్తుంటాయి. అరటిపండులో, కందిపప్పులో, కొబ్బరినీళ్ళలో వచ్చేది అదే.

ఫలితం అడుగుతారని తెలుసు. స్ట్రెస్ బొమ్మలో గుండె కింది గోడ మసకగా ఉంది, విశ్రాంతి బొమ్మలో అదే చోటు నిండుగా ఉంది. రెండిట్లోనూ మసకగా ఉంటే అక్కడ పాత దెబ్బ మచ్చ ఉండొచ్చని అర్థం. ఒకదాంట్లో నిండితే కండరం బతికే ఉంది, పని పెరిగినప్పుడు రక్తం చాలడం లేదని అర్థం. డాక్టరు మందులు మార్చి, కొన్ని వారాలు చూసి, ప్రయాణానికి సరేనన్నాడు. యాంజియోగ్రామ్ గుంటూరులోనే చేయించుకున్నారు. రెండు బొమ్మల సీడీ ఇక్కడి నుంచి పట్టుకెళ్ళడం అక్కడ పనికొచ్చింది, అడిగి తీసుకోండి.

ప్రయాణం దగ్గరలో ఉంటే ఇంకొక కాగితం కూడా అడగండి. విమానాశ్రయాల్లో, సరిహద్దుల్లో ఉండే రేడియేషన్ డిటెక్టర్లు చాలా సున్నితమైనవి, టెక్నీషియం సూది వేయించుకున్న వాళ్ళని ఒకటి రెండు రోజుల తర్వాత కూడా పసిగట్టగలవు. థాలియం అయితే వారాల తరబడి. ఏ మందు, ఎంత, ఏ తేదీన, ఏ గంటకి ఇచ్చారో రాసి, ఫోన్ నంబరుతో న్యూక్లియర్ మెడిసిన్ వాళ్ళు ఒక ఉత్తరం ఇస్తారు. అందులో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఇంటిపేరుతో సహా ఉందో లేదో అక్కడే చూసుకోండి.